మా అమ్మాయి రక్తంలో బి కణాలు సున్నా

నిన్న రాత్రే హైదరాబాద్ నుంచి వరంగల్ చేరాం. ఫైలు ఇంకా సంచిలోనే ఉంది. నెలలు గడిచినా ఒక కోపం చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. లూపస్ అని, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బని, తేలి రెండేళ్లయింది. స్టెరాయిడ్లు, ఆ రక్షణ వ్యవస్థను అణిచే మైకోఫెనోలేట్ వాడుతున్నా మూత్రంలో ప్రొటీన్ పోవడం ఆగలేదు. సొంత శరీరం మీదే దాడి చేసే యాంటీబాడీలకు మూలం బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలనీ, వాటి మీద ఉండే సీడీ20 అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఆ కణాలను తొలగించే రిటుక్సిమాబ్ ఇద్దామనీ డాక్టరుగారు అన్నారు. హెపటైటిస్ బి, క్షయ, ఐజీజీ (రక్తంలో రక్షణనిచ్చే యాంటీబాడీల లెక్క) పరీక్షలు చేయించాం. న్యుమోనియా టీకా ముందే వేయించాం. అందులో ఇబ్బందేమీ లేదు.

ఇబ్బందంతా ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ అనుమతుల కౌంటర్ దగ్గరే. మా వెనక పదిహేను మంది ఉన్నారు. కాగితాలు చూసిన ఉద్యోగి తల ఎత్తకుండానే, "ఇది కాన్సర్ మందమ్మా. మీ కాగితాల్లో లూపస్ అని ఉంది. ఏది నిజం?" అని అందరికీ వినపడేలా అడిగాడు. మా అమ్మాయి నా పక్కనే ఉంది. స్టెరాయిడ్లకు ఉబ్బిన ముఖం కనపడకుండా మాస్కు పెట్టుకుని, ఫైలును గుండెలకు హత్తుకుని నిలబడింది. ఆ మాట విన్నాక దాని బొటనవేలు ఫైలు అంచును అలా రుద్దుతూనే ఉంది. ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి లాడ్జిలో లైటు తీశాక అడిగింది: "అమ్మా, నాకు కాన్సరా? నువ్వు నాకు చెప్పలేదా?"

దాన్ని దగ్గరకు తీసుకుని అర్ధరాత్రి దాకా చెప్పాను. ఈ మందు 1997లో అమెరికాలో లింఫోమా అనే కాన్సర్ కోసం వచ్చిన మాట నిజమే. 2006లో కీళ్లవాతానికి కూడా అనుమతి వచ్చింది. లూపస్ పేరు అనుమతి పత్రంలో లేకపోయినా, మిగతా మందులు పనిచేయనప్పుడు పిల్లల డాక్టర్లు దీన్ని వాడుతున్నారు. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007 నుంచీ దీన్ని తయారుచేస్తోంది. నేను చదివింది డిగ్రీ వరకే. అయినా ఇవన్నీ నేర్చుకున్నాను. రోజూ ఈ మందుల కాగితాలే చూసే మనిషి ఆ ఒక్క ముక్క తెలుసుకోలేడా? తెలియకపోతే గొంతు తగ్గించి అడగలేడా?

అనుమతికి నాలుగు రోజులు పట్టింది. ఇంతకుముందు వాడిన మందులు, మోతాదులు, బయాప్సీ ఫలితం, ఈ మందే ఎందుకు అన్నదీ డాక్టరుగారు ఒక పేజీలో రాసిచ్చాకే కదిలింది. ఆ ఉత్తరం మొదటి రోజే అడిగి తీసుకోండి. బిడ్డను మాత్రం ఆ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లకండి.

పదిహేను రోజుల తేడాతో రెండు డోసులు ఎక్కించారు. మొదటిసారి గొంతు దురద పెడితే డ్రిప్పు వేగం తగ్గించారు, సర్దుకుంది.

నెల తర్వాత సీడీ19 పరీక్ష చేయించాం. బి కణాల మీద ఉండే మరో ప్రొటీన్ అది, వాటిని లెక్కపెట్టేది దానితోనే. రిపోర్టులో సున్నా, పక్కన ఎర్ర అక్షరం. నాకు చేతులు చల్లబడ్డాయి. డాక్టరుగారు మాత్రం నవ్వి, "మనకు కావలసింది ఇదే" అన్నారు. మరి సొంత డీఎన్ఏ మీదే దాడి చేసే డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీలు ఎందుకు తగ్గలేదని అడిగాను. వాటిని తయారుచేసేవి బి కణాల నుంచి పుట్టే ప్లాస్మా కణాలట, వాటి మీద సీడీ20 ఉండదట. అందుకే ఈ మందు వాటిని తాకదు, ఆ యాంటీబాడీలు నెమ్మదిగా తగ్గుతాయి. బి కణాలు తిరిగి రావడానికి చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందనీ, అప్పటిదాకా జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా వెంటనే రావాలనీ చెప్పారు. ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు వేయించకూడదు.

నిన్నటిది ఎనిమిదో నెల రిపోర్టు. సీడీ19 రెండు శాతం. కొత్త కణాలు మొదలయ్యాయి. లూపస్ ఎక్కువైతే రక్తంలో తగ్గే సీ3 అనే ప్రొటీన్ మామూలుగానే ఉంది, మూత్రంలో ప్రొటీన్ పోవడం బాగా తగ్గింది. మరో డోసు ఇప్పుడే వద్దన్నారు. రెండు నెలల తర్వాత మళ్లీ లెక్క చూడాలి. బస్సులో రిపోర్టు మా అమ్మాయే అడిగి తీసుకుంది. సీడీ19 ఉన్న వరుస దగ్గర వేలు పెట్టి, "సున్నా కాదమ్మా" అని, మాస్కు తీసి కిటికీ పక్కన కూర్చుంది.