కడపలో ఆఖరి శనివారం

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అత్త ఫోన్ చేసింది. "అబ్బీ, నాటకం ఆపేస్తాండారంట. ఈ శనివారమే ఆఖరంట" అని, ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. తీసుకెళ్లమని అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. మర్నాడు పొద్దున తత్కాల్ తెరవగానే శుక్రవారం రాత్రి వెంకటాద్రికి రెండు స్లీపర్ బెర్తులు పట్టుకున్నాను.

అత్తది ప్రొద్దుటూరు. మోకాళ్ల వైద్యానికని సంక్రాంతి తర్వాత హైదరాబాదులో మా ఇంటికి వచ్చింది. రాకముందు ఈ నాటకాన్ని కడపకు పోయి నాలుగుసార్లు చూసింది. నేను ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారికే నెల రోజులు ఇంకోటేదీ వినబుద్ధి కాలేదు.

ఆడింది 'సత్య హరిశ్చంద్ర', బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. అందరికీ తెలిసిందే. కానీ ఇప్పుడు అందరికీ తెలిసింది కాటి సీను మాత్రమే. తిరునాళ్లలో, జాతరల్లో ఆ ఒక్క సీనుకే పిలుస్తారు. కృష్ణుడి నాటకమైతే పడక సీను, రాయబారం సీను. నాటకం మొత్తం ఆడినా హరిశ్చంద్రుణ్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఒకాయన రాజ్యం పోగొట్టుకుంటాడు, ఇంకొకాయన వారణాసిలో భార్యను అమ్ముతాడు, వేరే ఆయన కాటికాపరిగా వస్తాడు. తెల్లవార్లూ గొంతు నిలవాలి కాబట్టి ఆ ఏర్పాటు వచ్చింది. అది తప్పని నేను అనను. ఒకే రాత్రి మూడు మంచి గొంతులు వినడం అదృష్టమే.

కడపలో ఈ నాటక సమాజం వాళ్లు ఇంకో దారి పట్టారు. మొదటి తెర నుంచి మంగళం దాకా నాటకం మొత్తం, ఒకే హరిశ్చంద్రుడు, ఒకే చంద్రమతి. హార్మోనియం, తబలా, క్లారినెట్ స్టేజి పక్కనే. వరుసగా పదకొండు శనివారాలు. పైగా మధ్యలో వన్స్ మోర్లు వద్దని టికెట్ మీదే అచ్చేశారు. రాయలసీమలో పద్యం పాడించి వన్స్ మోర్ అనొద్దంటే వినేవాళ్లెవరని మొదట్లో అందరూ అన్నారు. విన్నారు.

బండిలో నిద్ర సరిగా పట్టలేదు. తాడిపత్రిలో ఆగినప్పుడు లేచి కూర్చున్నాను. బయట ఇంకా చీకటి. నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా ఈ సీమ మనిషే. ఆంధ్ర నాటక పితామహుడంటారు. 1886లో బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి, తానే నాటకాలు రాసి ఆడించాడు. నాటకాల్లో పాత్రల చేత పద్యాలు రాగంతో పాడించే పద్ధతికి ఊపు తెచ్చింది ఆయనే. మేనల్లుడేమో రాగం కంటే నటన ముఖ్యమన్నాడు, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. ఒకే ఇంట్లో రెండు వాదాలు. తెలుగు నాటకం అనగానే అందరూ తెనాలి వైపే చూస్తారు. తెనాలి గొప్పదే, కానీ ఈ స్టేషన్ దాటేటప్పుడు ఒక్కసారైనా కిటికీలోంచి చూడాలనిపిస్తుంది నాకు.

తెల్లవారకముందే కడపలో దిగాం. స్టేషన్ దగ్గరే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. అత్త పడుకుంది. నేను ఏడు రోడ్ల దాకా నడిచి, ఎర్రకారం పూసిన దోశలు కట్టించుకొచ్చాను. మధ్యాహ్నం ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం చూసి, సాయంత్రం దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. అత్త దండం పెట్టుకుని బయటికొచ్చి, "ఇంకో నాలుగు వారాలన్నా ఆడేట్టు చూడమని అడిగినా" అంది.

హాలుకు గంట ముందే చేరినా ముందు వరుసలు నిండిపోయాయి. పులివెందుల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, రాజంపేట నుంచి మినీ బస్సు కట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. అత్తను చూసి నలుగురైదుగురు పలకరించారు. పేర్లు తెలియవు, ఇక్కడి పరిచయమే. "యాడికి పోయినావక్కా, రెండు వారాలుగా కనపడ్లేదే" అని ఒకామె తన పక్క కుర్చీలో సంచి తీసి చోటిచ్చింది. రిటైరైన కండక్టరు ఒకాయన పదకొండు వారాల టికెట్లూ పర్సులో దాచుకున్నాడు. వేళ్లతో విసనకర్రలా విప్పి చూపించాడు. నలిగిపోయి అంచులు మెత్తబడ్డాయి. ఒకదాని మీద కాఫీ మరక.

తెర లేచింది. ప్రార్థన అయ్యేసరికే కొందరు కళ్లు తుడుచుకోవడం కనపడింది.

నాటకం మొత్తం చూస్తే ఏం జరుగుతుందో చెప్పాలి. మొదటి అంకంలో చంద్రమతి సింహాసనం పక్కన కూర్చుంటుంది. అప్పుడు ఆమె నవ్వు ఒకటి ఉంటుంది, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నక్షత్రకుడు అప్పు కోసం వెంటపడుతుంటే హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు వారణాసి సీను దాకా వెంట వస్తుంది. వీధిలో ఆమెను అమ్మకానికి పెట్టినప్పుడు చప్పున ఆగిపోతుంది. అప్పటికి రెండు గంటలుగా ఆమెను చూస్తున్నాం కదా, మన ఇంటి మనిషిని అమ్ముతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత కాటిలో లోహితాస్యుణ్ని చేతుల్లో వేసుకుని వస్తే పద్యం మొదలుకాకముందే గొంతు పూడుకుపోతుంది. కాటి సీను ఒక్కటే చూసినప్పుడు గొంతు బాగుందా, రాగం నిలబడిందా అని చూస్తాం. ఇక్కడ ఆమె సుంకం కట్టలేదన్న సంగతే మనసులో ఉంటుంది. ఈ తేడా కోసమే వాళ్లు అంత కష్టపడ్డారని నేననుకుంటాను.

కాటిలో హరిశ్చంద్రుడు శ్మశానం మీద పాడే పద్యాలు బలిజేపల్లి వారివి కావు, జాషువా గారివి. 'శ్మశానవాటి'లోంచి నటులే తెచ్చి ఇందులో కలుపుకున్నారు. ఇప్పుడు వాటిని తీసేస్తే జనం ఊరుకోరు. డి.వి. సుబ్బారావు గారి క్యాసెట్లతో అవి ఇంటింటికీ చేరాయి. మా ఇంట్లోనూ ఉండేది, టేపు నలిగి ఒకచోట గొంతు వణికేది. చాలాకాలం ఆ వణుకు కూడా ఆయన పాటలో భాగమే అనుకున్నాను.

ఆ పద్యాల్లో రెండోది ముగిసినప్పుడు వెనక వరుసల్లోంచి ఒక పెద్దాయన లేచి "వన్స్ మోర్!" అని అరిచాడు. పదకొండు వారాల్లో ఇదే మొదటిసారట. చుట్టూ ఉన్నవాళ్లు "ఊరుకోబ్బా" అన్నారు. ఇంకోపక్క నుంచి మరో ఇద్దరు అందుకున్నారు. హార్మోనిస్టు చేయి మెట్ల మీద ఆగింది. ఎడమచేతి బెల్లోస్ మాత్రం ఆడుతూనే ఉంది, శ్రుతి సన్నగా వినపడుతోంది. ఆయన తలెత్తి నటుడి వైపు చూశాడు. నటుడు కర్ర భుజం మీదికి మార్చుకుని, తల కొద్దిగా అడ్డంగా ఆడించి, తర్వాతి మాటలోకి వెళ్లిపోయాడు. పెద్దాయన కూర్చున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఆఖరి రోజున కూడా మాట తప్పలేదు.

మంగళం పాడారు. తెర పడింది. ఎవరూ లేవలేదు. లైట్లు వేసినా లేవలేదు. చప్పట్లు తగ్గుతున్నట్టే తగ్గి మళ్లీ మొదలయ్యాయి. పది నిమిషాలకు తెర పక్కనుంచి హరిశ్చంద్రుడి వేషం వేసినాయన వచ్చాడు. గడ్డం తీసేశాడు, ముఖాన సగం రంగు ఉంది, మీద తెల్ల బనియన్. స్టేజి అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. "యావరబ్బా ఆ వన్స్ మోర్ అడిగింది?" అన్నాడు. పెద్దాయన చేయెత్తాడు. మైకు లేకుండానే ఆ పద్యం మళ్లీ పాడాడు. హార్మోనిస్టు పెట్టె మూత మూసేశాడప్పటికే, మళ్లీ తెరిచాడు. తర్వాత ఎవరో చంద్రమతి పద్యం అడిగారు. మూడోది హాలు హాలంతా కలిసి పాడింది. అత్త నా పక్కన కూర్చుని ఒక్క మాట కూడా తప్పకుండా పాడింది. ఆమె పాడగా నేను ఎప్పుడూ వినలేదు, పెళ్లిళ్లలో కూడా.

బయట టీ బండి దగ్గర వాదం మొదలైంది. కండక్టరుగారికి కోపంగా ఉంది. వన్స్ మోర్లు ఇచ్చి ఉంటే జనం ఇంకా వచ్చేవాళ్లని, ఇంకో నెల ఆడేదని ఆయన మాట. "పద్యానికి నోట్లు చదివిచ్చేటోళ్లు లేకపోతే సమాజం యాడ బతుకుతుంది?" అన్నాడు. రాజంపేట నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఒప్పుకోలేదు. "చదివింపులు మొదలైతే కత ఆన్నే ఆగిపోతుంది సార్. మనం ఇన్ని వారాలు వచ్చింది దానికి కాదు గదా" అంది. ఇంకొకాయన రాయబారం ఆడుంటే నిలబడేదన్నాడు. పీసపాటి, షణ్ముఖి పేర్లొచ్చాయి. ఎవరి కృష్ణుడు గొప్ప అన్నది తేలలేదు.

ఆపేయడానికి కారణం మాత్రం అందరికీ తెలుసు. హాలు నిండినా ఖర్చు రాదు. హాలు అద్దె, లైట్లు, ముగ్గురు వాయిద్యగాళ్లు, ఇరవైమందికి పైగా మనుషులు, బయటూళ్ల నుంచి వచ్చేవాళ్లకు బస, భోజనం. టికెట్టు వంద రూపాయలు. చంద్రమతి వేసినామెకు తిరునాళ్ల సీజన్లో వేరే ఊళ్లలో బుకింగులున్నాయి. ఒక్క రాత్రి కాటి సీనుకు పోతే ఆమెకు వచ్చేది ఇక్కడ నాలుగు శనివారాలకు రాదు. ఆమెను ఎవరంటారు? ఎవరూ అనలేదు కూడా. కానీ నాకు బాధగా ఉంది. సోమవారం నుంచి ఆమె ఆ నవ్వు లేకుండా తిన్నగా కాటిలోకే పోతుంది.

అత్త కనపడలేదు. వెతుకుతూ లోపలికి వెళ్తే స్టేజి మీద ఉంది. ఇద్దరు పిల్లలు శ్మశానం తెరను వెదురుకర్రకు చుడుతున్నారు. దగ్గర నుంచి చూస్తే ఆ బట్ట అతుకులబొంత. చంద్రుడి చుట్టూ నీలం రంగు పెచ్చులు లేచింది. దూరం నుంచి మేం చూసిన కపాలం, నాలుగు తెల్ల గీతలు. ఆ కింద చితి ఉన్నచోట ఎర్ర గాజు కాగితం చుట్టిన బల్బు, వెనక చిన్న టేబుల్ ఫ్యాను, దానికి కట్టిన పసుపు కాగితం పీలికలు. మంట అదే. అత్త వంగి, ఆ పీలికల్లో ఒకటి ఊడి కిందపడితే తీసి, పిల్లవాడి చేతికిచ్చింది. "పారేసుకోవద్దు నాయనా, మల్లా కావాల" అంది. వాడు తలూపి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున బస్సులో వేంపల్లెకు, అక్కణ్నించి ఆటో మాట్లాడుకుని గండి మీదుగా చక్రాయపేట మండలంలోని సురభికి పోయాం. అది నా కోరిక. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఎలా? గండిలో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగాం. కొండను రెండుగా చీల్చుకుని పాపాఘ్ని పోయేచోటు. ఏట్లో ఇసుకే ఎక్కువ, నీళ్లు తక్కువ.

సురభి పాత పేరు సొరుగు. తోలుబొమ్మలు ఆడించుకునే వనారస వాళ్లు 1885లో ఇక్కడ ఒక పెళ్లిలో తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడారు. బొమ్మల చేత ఆడించేవాళ్లు తామే ఆడారన్నమాట. వనారస గోవిందరావు గారు పెట్టిన ఆ కుటుంబ నాటకం ఈ ఊరి పేరుతోనే ఊరూరా తిరిగింది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి ఇళ్లలోని ఆడవాళ్లు స్టేజి ఎక్కారు. పసిపిల్లలు కూడా తల్లి ఒళ్లో స్టేజి మీదికి వచ్చేవాళ్లు. ఆ ఇళ్లలో పుట్టి, ఆ నాటకాన్ని ఈ కాలం దాకా నడిపిన సురభి నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనే ఆయనకు, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఆ కుటుంబాలు చాలావరకు హైదరాబాదులో శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీలో ఉన్నాయి. మా ఇంటి నుంచి సిటీ బస్సు దూరం.

ఆ మాట చెప్తే అత్త నావైపు గట్టిగా చూసింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆటో అతను ఒక వేపచెట్టు కింద ఆపాడు. అత్త దిగి, రోడ్డు పక్కన మట్టి కొంచెం చేత్తో తాకి నుదుటికి పెట్టుకుంది. అంగడి ముందు కూర్చున్న పెద్దామె "యాన్నుంచి వచ్చినారమ్మా?" అని అడిగింది. నాటకం చూడ్డానికి కడపకొచ్చామని అత్త చెప్పింది. రాత్రితో ఆపేశారని కూడా చెప్పింది. "ఏం నాటకం?" అంది ఆమె. హరిశ్చంద్ర అనగానే జరిగి అరుగు మీద చోటిచ్చింది. ఎండ ఎక్కుతోంది, వేంపల్లెలో బస్సు పట్టుకోవాలి. నేను టైం చూసుకుంటూ నిలబడ్డాను. అత్త మొదటి తెర నుంచి కథ చెప్పడం మొదలుపెట్టింది.