గరాజ్‌లో లక్కపిడతలు: పిల్లల లేత్‌కి ఏ వీఎఫ్‌డీ?

ఊరి నుంచి వచ్చిన ఏటికొప్పాక బొంగరం చూసి "ఇది మనం చేసుకోలేమా?" అని పిల్లలు అడిగితే, లేత్ (కొయ్యని తిప్పుతూ చెక్కే యంత్రం) ఉంటే చేసుకోవచ్చు. అమెరికాలో అంకుడు కర్ర దొరకడం కష్టం గానీ మేపుల్‌తో పనైపోతుంది. చిక్కంతా వేగంతోనే. తిరుగుతున్న కొయ్యకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకోవాలి. వేగం చాలకపోతే లక్క కరగదు, మితిమీరితే రంగు మాడి చారలు పడుతుంది. పైగా అంగుళం లావు బొంగరానికి సరిపడే వేగంలో సగమే రెండంగుళాల పిడతకి చాలు. పుల్లీల మీద బెల్టు మార్చుకుంటూ ఇంత సన్నగా సరిచేయలేం. అందుకే వీఎఫ్‌డీ, అంటే మోటారుకిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని (హెర్ట్జ్) మార్చి వేగం మార్చే డ్రైవ్.

డ్రైవ్ ధరలు చూసేముందు మోటారు నేమ్‌ప్లేట్ చదవండి. సింగిల్ ఫేజ్ అని ఉంటే ఆ మోటారు మార్చాల్సిందే. కెపాసిటర్‌తో స్టార్టయ్యే మోటారులో ఒక సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది. వేగం తగ్గించగానే అది మళ్లీ కలుసుకుని స్టార్టింగ్ వైండింగ్‌ని కాల్చేస్తుంది. కావలసింది త్రీ ఫేజ్ మోటారు, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుని డ్రైవే త్రీ ఫేజ్‌గా మార్చి ఇస్తుంది. 230, 460 వోల్టులు రెండింటికీ పనికొచ్చే రకమైతే కనెక్షన్లు 230కి కలపాలి. బాడీ పూర్తిగా మూసి, బయట ఫ్యాన్ ఉన్న టీఈఎఫ్‌సీ మోటారే తీసుకోండి. ట్రెడ్‌మిల్ నుంచి పీకిన డీసీ మోటారు చవకే, కానీ చాలావాటికి బాడీ తెరిచి ఉంటుంది. చెక్కపొడి లోపలికి పోతుంది. పిల్లలు వాడే యంత్రానికి అది వద్దనే నా మాట.

బొమ్మల పనికి 1 హెచ్‌పీ చాలు. 230 వోల్టుల దగ్గర అది సుమారు 3 నుంచి 3.6 ఆంపియర్లు లాగుతుంది. డ్రైవ్‌ని హెచ్‌పీ చూసి కాక ఈ ఆంపియర్లు చూసి ఎంచుకోండి. మామూలు 120 వోల్టుల సప్లైతో నడిచే డ్రైవ్‌లూ ఉన్నాయి, వోల్టేజీని లోపలే రెట్టింపు చేసుకుంటాయి. అయితే 1 హెచ్‌పీ నిండు లోడు మీద నడిస్తే 15 ఆంపియర్ల బ్రేకర్ పడిపోవచ్చు. 240 లైను వేయించగలిగితే ఆ గొడవ ఉండదు. గరాజ్‌లోని జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కాపాడే సేఫ్టీ స్విచ్) సుమారు 5 మిల్లీఆంపియర్ల లీకేజీకే కట్ చేస్తుంది, డ్రైవ్‌లోని ఫిల్టర్ నుంచి గ్రౌండ్‌కి అంత పోవడం మామూలే. విసుగొచ్చి జీఎఫ్‌సీఐ పీకేయకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, స్థానిక నిబంధనల ప్రకారం డ్రైవ్‌ని ప్లగ్ లేకుండా నేరుగా వైరింగ్ చేయించండి.

డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టకూడదు. నడుస్తుండగా దాన్ని తీస్తే డ్రైవ్ పోవచ్చు. స్టార్ట్, స్టాప్ బటన్లు, వేగం నాబ్ అన్నీ డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకే కలపాలి.

సెట్టింగులు పెద్దవాళ్లే చేసి పాస్‌వర్డ్ పెట్టాలి, నాబ్ పిల్లలకి వదిలేయవచ్చు. కనిష్ఠం 20 హెర్ట్జ్. అంతకన్నా దిగితే షాఫ్ట్ మీది ఫ్యాన్ కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది. ఇంకా తక్కువ వేగం కావాలంటే బెల్టుని మోటారు వైపు చిన్న పుల్లీకి మార్చండి, వీఎఫ్‌డీ ఉంది కదా అని పుల్లీలు తీసేయవద్దు. గరిష్ఠం 80 చాలు. వేగం అందుకోడానికి 5 సెకన్లు, ఆగడానికీ 5 సెకన్లు ఇవ్వండి. ఒక్క సెకనులో ఆపాలని చూస్తే మోటారు నుంచి వెనక్కొచ్చే శక్తికి డ్రైవ్‌లో వోల్టేజీ పెరిగి ట్రిప్ అవుతుంది, లేత్ మాత్రం తన మానాన తిరుగుతూనే ఉంటుంది. స్పిండిల్‌కి (లేత్‌లో తిరిగే ఇరుసు) మరతో బిగించే చక్ (కొయ్యని పట్టుకునే భాగం) అయితే మరో ప్రమాదం: హఠాత్తుగా ఆగితే ఆ కుదుపుకి ఊడి మీదికి రావచ్చు. రివర్స్‌ని లాక్ చేయడం కూడా ఇందుకే. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను స్టార్టయ్యే సెట్టింగ్ ఆపేయాలి.

ఫేస్ షీల్డ్, జుట్టు ముడి సంగతి స్కూల్లో చెక్కపని నేర్పే షాప్ టీచర్ చెబుతారు. తోరం, తాయెత్తు, మెళ్లో గొలుసు, చేతి గాజుల సంగతి మనమే చెప్పాలి. తోరం తీయడానికి బామ్మ ఒప్పుకోకపోతే ఆ రోజు లేత్ మానేయండి. దాని మీద గ్లౌజు తొడగడం పరిష్కారం కాదు, తిరిగే కొయ్య గ్లౌజుతో సహా చేతిని లాగేస్తుంది.