చూసింది చెప్పుకుంటూ నేర్చుకున్న డ్రైవింగ్

లైసెన్స్ చేతికొచ్చి చాలా కాలమైనా, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా కారు తీయాలంటే నాకు ముందు రోజు నుంచే టెన్షన్. లెర్నర్స్ తీసుకుని, ఆగాల్సిన 30 రోజులూ ఆగి, ట్రాక్ మీద హెచ్, ఎయిట్ వేసి పాసైనదాన్నే. కానీ ట్రాక్ మీద రాంగ్ రూట్‌లో బైకులు రావు. డ్రైవింగ్ స్కూల్ కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేక్ ఉంటుంది, సొంత కారులో ఉండదు.

ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మా మేనమామను బతిమాలాను. ఆయన పక్కన కూర్చుని మొదట ఇంజిన్ ఆన్ చేయనివ్వలేదు. సీటు సరిచేయించారు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించే చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి. సైడ్ అద్దాల్లో మన కారు సన్నటి అంచులా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డే కనిపించాలి.

తర్వాత ఎడమ వైపు అంచనా. మనం కూర్చునేది కుడివైపు కాబట్టి ఎడమ చక్రం ఎక్కడుందో తెలియదు. ఖాళీ రోడ్డులో అంచున ఉన్న తెల్లగీత పక్కగా పోనిచ్చి, ఆపి, దిగి చూసి రమ్మనేవారు. సీట్లోంచి చూస్తే ఆ గీత బానెట్ మధ్యలో తగిలినట్టు కనిపించినప్పుడు నా కారు చక్రం దాదాపు గీత పక్కనే ఉంటోంది. మనిషి ఎత్తును బట్టి, కారును బట్టి ఇది మారుతుంది. ఎవరికి వాళ్లు దిగి చూసుకోవాల్సిందే.

ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించడానికి ఫిల్మ్‌నగర్ తీసుకెళ్లారు. హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ శబ్దం బరువెక్కి బండి ముందుకు తన్నుకొస్తున్నట్టు అనిపించినప్పుడు హ్యాండ్ బ్రేక్ దించాలి. ఈ ఊళ్లో వెనక బండి జానెడు దూరంలో ఆగుతుంది కాబట్టి ఇది రాకపోతే ఏ ఫ్లైఓవర్ జామ్‌లోనూ మనశ్శాంతి ఉండదు. సిగ్నల్ పడేదాకా హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం వదిలి బండిని నిలబెట్టడం మాత్రం మామయ్య ఒప్పుకోలేదు. క్లచ్ ప్లేట్లు అరిగేది అక్కడేనట.

ఇవన్నీ చేతులకూ కాళ్లకూ సంబంధించినవి. నిజంగా నన్ను మార్చింది వేరే.

"బిడ్డా, ఏం కనవడ్తుందో నోటితోని చెప్పుకుంట నడుపు" అన్నారు ఒకరోజు, మూసాపేట దగ్గర. మొదట్లో నా నోటి నుంచి "ముందు ఆటో ఉంది" తప్ప ఏమీ రాలేదు. "ఆటో ఉందని నాకూ తెలుసు. అది ఏం చేస్తది?" అని ఆయన ప్రశ్న. ఫుట్‌పాత్ మీద ఒకావిడ చెయ్యి ఎత్తింది, అంటే ఆటో ఎడమకు కోసి ఆగుతుంది. స్టాపులో బస్సు ఆగి ఉంది, అంటే దాని ముందు నుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. ఆగిన కారు ముందు చక్రం రోడ్డు వైపు తిరిగి ఉంది, ఇండికేటర్ లేకపోయినా అది బయటికొస్తుంది. మెట్రో పిల్లర్ల మధ్య సందు కనిపిస్తే అక్కడ యూటర్న్ కొట్టే బైకు ముక్కు కోసం చూడాలి.

"మామయ్యా, నోరు నొప్పెడుతోంది" అంటే నవ్వేవారు, ఆపనిచ్చేవారు కాదు. అలా పైకి చెప్పాలంటే చూపు ముందు బంపర్ దగ్గరే ఆగిపోతే కుదరదు, నాలుగైదు బండ్ల అవతలికి వెళ్లాలి. అక్కడ బ్రేక్ లైట్లు వెలగగానే నా కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తోంది. సడెన్ బ్రేకులు తగ్గాయి, హారన్ కూడా తగ్గింది. మన దగ్గర డ్రైవింగ్ అంటే తెగింపు అనుకుంటారు గానీ నాకైతే సగం జ్యోతిషం అనిపిస్తుంది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద పని సులువే. టూవీలర్లకు అనుమతి లేదు, సిగ్నళ్లు లేవు. కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగం 120. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అందుకే ముందు బండి ఏదైనా బోర్డు దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడు సెకన్ల తర్వాతే నేను ఆ బోర్డు దగ్గరికి చేరేలా చూసుకుంటున్నాను. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరితే దూరనీ, మళ్లీ వెనక్కి తగ్గుతాను.

ఇప్పుడు ఆఫీసుకు కారులోనే వెళ్తున్నాను. మిగిలింది అపార్ట్‌మెంట్ సెల్లార్. రెండు పిల్లర్ల మధ్య రివర్స్ పెట్టాలి. పక్కన నిలబడి "రానీ, రానీ" అనే వాచ్‌మన్ సరిగ్గా అద్దంలో కనిపించని చోటే నిలబడతాడు. ఆయన్ని కాస్త పక్కకు జరగమని, ఎడమ అద్దం కిందికి వంచి చక్రం చూసుకుంటూ పెడుతున్నాను.