రీఫ్ ట్యాంకులో నేను చేసిన తప్పులు, ఒక కిలో ఉప్పు

"ఉప్పు కొంటున్నావా? డబ్బులిచ్చి?" అన్నారు నాన్న ఫోన్లో.

మాది టెక్కలి. నౌపడ ఉప్పు మళ్ళు మాకు దగ్గరే. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి తెల్లటి కుప్పలు చూస్తూ పెరిగినదాన్ని, డాలస్ శివార్లలో కూర్చుని బకెట్టు ఉప్పు ఆర్డర్ పెట్టానంటే ఆయనకి నవ్వాగలేదు. అది వంట ఉప్పు కాదు నాన్నా, కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ సముద్రంలో ఉండే పాళ్ళలో కలిపి అమ్ముతారు, పగడాలకి అవన్నీ కావాలి అని చెప్పాను. "అయితే సముద్రాన్నే కొన్నావన్నమాట" అన్నారు.

2022 వేసవిలో మొదలైంది ఈ రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు నీళ్ళ తొట్టిలో చేపలతో పాటు పగడాలు పెంచడం. మా బాబుకి ఎనిమిదేళ్ళు నిండాయి. అక్వేరియంలో క్లౌన్ ఫిష్ చూసినప్పటి నుంచి ఒకటే గోల. నలభై గ్యాలన్ల ట్యాంకు తెచ్చాం, అంటే నూట యాభై లీటర్లు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ట్యాంకు చవకగానే వచ్చింది. తర్వాత లైటు, స్కిమ్మర్, పంపులు, హీటర్, రాళ్ళు, టెస్ట్ కిట్లు... మా ఆయనకి ఇప్పటికీ పూర్తి లెక్క చెప్పలేదు. ఇది ఆయన చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

మొదటి తప్పు కుళాయి నీళ్ళు. క్లోరిన్ విరిచే మందు కలిపితే చాలనుకున్నాను. మా ఊరి నీళ్ళలో వేసేది క్లోరమైన్. ఆ మందు దాన్ని విరగ్గొడితే అమ్మోనియా మిగులుతుంది. పైగా నీళ్ళలో ఉండే ఫాస్ఫేట్, సిలికేట్ ఎక్కడికీ పోవు. మూడో వారానికి ఇసుక మీద గోధుమరంగు పొర, దాని వెనకే రాళ్ళ మీద జుట్టులాంటి పచ్చ నాచు. గోధుమ పొర కొత్త ట్యాంకుల్లో ఎలాగూ వస్తుంది, దానంతటదే పోతుంది. నాచు మాత్రం నా స్వయంకృతం. పాత టూత్‌బ్రష్షుతో ప్రతి ఆదివారం ఆ రాళ్ళు తోమాను. చివరికి సింకు కింద ఆర్వో, దాని తర్వాత మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ గొట్టం పెట్టించాక, నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించింది. అంతకు ముందు అదే మీటరు కుళాయి నీళ్ళకి 250 దాటి చూపించేది.

నీళ్ళలో బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని అందరూ చెప్తారు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి అవే. ఇందులో మాత్రం తొందరపడలేదు. బాబుకి మాత్రం ఆరు వారాలు ఖాళీ నీళ్ళు చూపించి ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి.

ఆ చలికాలం ఇంట్లో హీటింగ్ వేసి ఉండేది, గాలి పొడిగా ఉండేది, ట్యాంకుకి మూత లేదు. రోజుకి రెండు లీటర్ల నీళ్ళు ఆవిరయ్యేవి. నీటి మట్టం తగ్గింది కాబట్టి పొయ్యాలి. సముద్రపు నీళ్ళు తగ్గితే సముద్రపు నీళ్ళే పొయ్యాలి కదా! నీళ్ళు మార్చడానికి కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళ బకెట్టులోంచి రోజూ రెండు లీటర్లు తీసి పోశాను. చాలా శ్రద్ధగా, హీటరుతో గోరువెచ్చగా చేసి మరీ. ఒకసారి కొలిచి కలిపిన నీళ్ళే కదా, మళ్ళీ కొలవడం ఎందుకనుకున్నాను.

పది రోజులకి జోయాంథిడ్లు మూసుకున్నాయి. ఈ పగడాలు చిన్న చిన్న పూలలా విచ్చుకుని ఉంటాయి, మూసుకుంటే మొటిమల్లా కనిపిస్తాయి. మష్రూమ్ పగడాలు ముడుచుకుపోయాయి. లైటు ఎక్కువైందేమోనని తగ్గించాను. ప్రవాహం సరిపోవట్లేదేమోనని పంపు అటు తిప్పాను, ఇటు తిప్పాను. పగడాలని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాను. పధ్నాలుగో రోజు పొద్దున క్లీనర్ రొయ్య ఇసుక మీద పక్కకి ఒరిగి ఉంది.

అప్పుడు సీసాలో నీళ్ళు పట్టుకుని షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు రెండు చుక్కలు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద వేసి చూశాడు, తుడిచాడు, మళ్ళీ వేశాడు. 1.031. అంటే మంచినీళ్ళ బరువు 1 అనుకుంటే ఈ నీళ్ళ బరువు అంత. సముద్రంలో 1.025, 1.026 దగ్గర ఉంటుంది. "టాప్ ఆఫ్ దేంతో చేస్తున్నారు?" అని అడిగాడు, అంటే ఆవిరైన నీళ్ళ బదులు ఏం పోస్తున్నానని. చెప్పాను. వాడు నవ్వలేదు, అది వాడి మంచితనం.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. లీటరు సముద్రపు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు. రోజుకి రెండు లీటర్లు, పధ్నాలుగు రోజులు. ఇరవై ఎనిమిది లీటర్లు. 980 గ్రాములు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని మీద ఇంకో కిలో ఉప్పు నేనే పోశాను.

రాత్రి అమ్మతో చెప్తే, "పులుసు మరిగి ఇగిరితే ఉప్పెక్కుతుంది, అప్పుడు మంచినీళ్ళు పోస్తాం గానీ ఉప్పునీళ్ళు పోస్తామే?" అంది. ఇంజినీరింగ్ చదివిన నాకు ఇది అమ్మ చెప్పాల్సి వచ్చింది. వెనక నుంచి నాన్న గొంతు వినబడింది: "నౌపడలో చేసేదదే కదమ్మా. మడి కట్టి, నీళ్ళు పెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నీళ్ళు పెడతారు. ఇంకో నెల ఆగితే గెడ్డపారతో తవ్వుకునేదానివి."

సరిదిద్దడంలోనూ తొందరపడకూడదు. ఒక్కసారి మంచినీళ్ళు గుమ్మరిస్తే మిగిలినవి కూడా పోతాయి. రోజుకి మూడు నాలుగు లీటర్లు ట్యాంకులోంచి తీసి, అంతే ఆర్వో నీళ్ళు పోస్తూ వారం రోజుల్లో 1.026కి దించాను. సొంతంగా రిఫ్రాక్టోమీటరు కొన్నాను. దాన్ని కూడా మంచినీళ్ళతో సున్నాకి సరిచేసి వదిలెయ్యకూడదట, వెయ్యికి 35 పాళ్ళు ఉప్పు ఉన్న ద్రావణంతో సరిచూస్తేనే మనకి కావలసిన చోట నమ్మకంగా చెప్తుంది. ట్యాంకు అద్దం మీద టేపు ముక్క అంటించి గీత గీశాను. బకెట్లు రెండూ ఒకేలా ఉంటాయని ఒకదాని మీద మార్కర్‌తో తెలుగులో పెద్దగా రాశాను: మంచినీళ్ళు.

జోయాంథిడ్లు తొమ్మిదో రోజున విచ్చుకున్నాయి. రొయ్య మాత్రం పోయినట్టే.

ఇంత జరిగాక బుద్ధొచ్చి ఉండాలి. 2023 వసంతంలో షాపులో నీలిరంగు ట్యాంగ్ చేప పిల్ల కనిపించింది. రెండంగుళాలుంది, బాబు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. అది అడుగు దాకా పెరుగుతుంది. మూడడుగుల ట్యాంకులో అడుగు చేప ఎలా తిరుగుతుందని ఆ నిమిషంలో ఆలోచించలేదు. వేరే తొట్టిలో కొన్ని వారాలు విడిగా ఉంచి చూడాలని చదివి కూడా, నేరుగా ట్యాంకులో వదిలేశాను. ఆరో రోజుకి దాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. మన కథలో ఉప్పు వదలట్లేదు.

దాన్ని ఇక్ అంటారు, ఒక పరాన్నజీవి. చేప మీద కొన్నాళ్ళు ఉండి, రాలి, రాళ్ళకీ ఇసుకకీ అంటుకుని లోపలే వందల పిల్లలై మళ్ళీ చేపల కోసం బయల్దేరుతుంది. మధ్యలో చుక్కలు మాయమైతే తగ్గిందని సంబరపడ్డాను, అది దాని సెలవు మాత్రమే. రాగి మందు వెయ్యమని ఒకరు చెప్పారు. సీసా మూత తీశాక లేబుల్ చదివాను కాబట్టి సరిపోయింది. రాగి చేపల్ని కాపాడుతుంది గానీ నత్తల్ని, రొయ్యల్ని, పగడాల్ని చంపుతుంది, రాళ్ళలోకి ఇంకి ఉండిపోతుంది. ట్యాంగ్ పోయింది. క్లౌన్ ఫిష్ రెంటినీ స్నానాలగదిలో ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి మందు అక్కడ వేశాను. పెద్ద ట్యాంకులో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఉంచాలి. దొరకడానికి చేప లేకపోతే ఆ పురుగు ఆకలితో చస్తుంది. బాబు క్యాలెండరు మీద రోజుకో గడి కొట్టేశాడు. మేం 76 రోజులు బకెట్టు స్నానం చేశాం, షవర్ కింద తొట్టి ఉంది మరి.

పీహెచ్ పిచ్చి ఇంకొకటి. 8.1, 8.2 ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది, నాది 7.8 దాటేది కాదు. దీపావళికి ఇంటి నిండా చుట్టాలొస్తే ఇంకా పడింది. పీహెచ్ పెంచే పౌడర్ కలిపాను, కాస్త పెరిగి మళ్ళీ పడింది, మళ్ళీ కలిపాను. ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్ల మోతాదు) 8 నుంచి 12కి ఎగబాకింది, హీటరు మీద సున్నం పేరుకుంది, హ్యామర్ పగడం కొసలు తెల్లబడ్డాయి. కారణం ఇంట్లో గాలి. తలుపులేసిన ఇంట్లో పన్నెండుమంది ఊపిరి వదిలితే ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి పీహెచ్‌ని దించుతుంది. కిటికీ తీశాను. సాయంత్రానికి 8.0.

ఒక ప్రమాదం మాత్రం తప్పింది, ఇది అందరూ తెలుసుకోవాలి. ఒక రాయి మీద ఐప్టేషియా అనే కలుపు మొక్కలాంటి జీవి పట్టింది. అది మొక్క కాదు, పగడాల జాతిదే. గీకితే ముక్క ముక్క నుంచీ మళ్ళీ పుడుతుంది. మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. "రాయి తీసి గిన్నెలో వేసి మరిగించెయ్యమ్మా, చచ్చి ఊరుకుంటుంది" అన్నారు. సబబుగానే తోచింది. గిన్నె స్టవ్ మీద పెట్టాను కూడా. ఆ రాయికి రెండో వైపు జోయాంథిడ్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. మరిగిస్తే ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలా ఇంట్లోవాళ్ళంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య జరిగిన కేసుల మీద అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నివేదికే ఇచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి వెతికాను, స్టవ్ ఆపేశాను. గిన్నె చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పెప్పర్‌మింట్ రొయ్యల్ని తెచ్చి వదిలితే వారం పది రోజుల్లో అవే తినేశాయి.

2024 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న కుర్చీ వేసుకుని ట్యాంకు ముందే కూర్చునేవారు. "టెక్కలిలో మనింట్లో కూడా పెడితే?" అన్నారు ఒకరోజు. చేపలైతే సరే గానీ పగడాలు కుదరదు నాన్నా, వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, రాతి పగడాలు ఇంట్లో పెట్టుకున్నా అమ్మినా నేరమే అని చెప్పాను. "పులికీ వీటికీ ఒకటే చట్టమా!" అని ఇంకా దగ్గరికి వంగి చూశారు.

తర్వాత నుంచి నీళ్ళు పోసే డ్యూటీ ఆయనే తీసుకున్నారు. అప్పటికి ఆటోమేటిక్ పంపు పెట్టాను, అయినా మాట్లాడకుండా దాని స్విచ్ ఆపేశాను. మొదటి రోజు బకెట్టు మీద నా రాత చదివారు. చదివాక కూడా చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

"చప్పగానే ఉంది" అని చెంబుతో పోశారు.