నమ్మకానికి, పనికి, మనిషికి

ఒక పనిని గానీ, నమ్మకాన్ని గానీ, మనిషిని గానీ సరే అని ఒప్పుకోవడానికి, అంటే సమర్థనకు, ఏం కావాలన్నది నన్ను వెంటాడుతున్న ప్రశ్న. ఈ రోజు పెద్దగా పని లేకపోవడంతో మధ్యాహ్నమంతా 1884 నాటి ఒక ఇంగ్లండు కేసు గురించి చదువుతూ గడిపాను. మిన్యొనెట్ అనే చిన్న ఓడ సముద్రంలో మునిగిపోగా నలుగురు ఒక పడవలో మిగిలారు. తిండీ మంచినీళ్ళూ లేక దాదాపు 20 రోజులు గడిచాక, డడ్లీ, స్టీఫెన్స్ అనే ఇద్దరు నావికులు, జబ్బుపడి మగతలో ఉన్న 17 ఏళ్ళ కుర్రవాణ్ణి చంపడానికి ఒడిగట్టారు. అతని శరీరాన్ని తిని బతికిన ముగ్గురినీ నాలుగు రోజుల తరువాత మరో ఓడ రక్షించింది. ఎంతటి ప్రాణావసరమైనా హత్యకు సమర్థన కాజాలదని న్యాయస్థానం తేల్చి మరణశిక్ష విధించింది. ఆ పైన రాజ్యం దానిని ఆరు నెలల జైలుశిక్షకు తగ్గించింది.

నన్ను ఆలోచనలో పడవేసినది తీర్పు కన్నా ఆ తగ్గింపే. చేసిన పని సరైనదేనని చట్టం ఒప్పుకోవడం సమర్థన. ఆత్మరక్షణ కోసం ఎదుటివాణ్ణి కొట్టడం అటువంటిది. పని తప్పే అయినా చేసినవాడు మతిస్థిమితం లేని స్థితిలో ఉన్నాడు గనుక అతనిని బాధ్యుణ్ణి చేయకపోవడం మినహాయింపు. డడ్లీకి దక్కినది ఈ రెండింటిలో ఏదీ కాదు, కేవలం దయ. నేరం నేరంగానే నిలిచింది, శిక్ష మాత్రమే కరిగింది.

అయితే బొమ్మ తుపాకీని నిజమైనదని నమ్మి ఎదురుదాడి చేసినవాణ్ణి ఏ కోవలో చేర్చాలి? న్యాయశాస్త్ర పండితులే దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదు. ఇక్కడ పనిని తూచాలంటే ముందు నమ్మకాన్ని తూచవలసి వస్తుంది, అది జ్ఞానమంటే ఏమిటో పరిశీలించే తత్త్వశాస్త్రం చేసే పని. అక్కడ తగిన ఆధారమున్న నమ్మకం కూడా అబద్ధం కావచ్చు. ఆగిపోయిన గడియారం సరిగ్గా మనం చూసిన క్షణానికే సరైన వేళ చూపిస్తే, ఆధారమూ ఉంది, నిజమూ ఉంది, కానీ దానిని జ్ఞానమనడానికి మనసొప్పదు. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే తత్త్వవేత్త మూడు పేజీల వ్యాసంలో తోటివారి ముందు పెట్టిన చిక్కు ఈ జాతిదే. పైగా ప్రతి ఆధారానికీ మరో ఆధారం అడుగుతూ పోవచ్చు. న్యాయమూర్తికి ఆ తీరిక ఉండదు, ఎక్కడో ఒకచోట ఆగి తీర్పు చెప్పక తప్పదు.

క్రైస్తవ వేదాంతంలో విచారణకు నిలిచేది నమ్మకమూ కాదు, పనీ కాదు, మనిషే. తన పక్షాన చెప్పుకోవడానికి అతని వద్ద ఏమీ లేదన్నదే అక్కడ ఆరంభం. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ బోధ ప్రకారం దేవుడు పాపిని క్రీస్తు నీతిని బట్టి, విశ్వాసం ద్వారా నీతిమంతుడని ప్రకటిస్తాడు. డడ్లీకి దొరికిన దయతో దీనిని పోల్చలేను, ఎందుకంటే ఇక్కడ మారేది శిక్ష ఒక్కటే కాదు, తీర్పే మారిపోతుంది. మామూలు న్యాయస్థానంలో ఇలా జరిగితే అన్యాయమనే అంటాము. 1547లో కాథలిక్ మతపెద్దల ట్రెంట్ మహాసభ అంతటితో ఒప్పుకోలేదు. దేవుడు మనిషిని నీతిమంతుడని ఎంచడమే గాక అంతరంగంలో నిజంగా అలా మారుస్తాడని కాథలిక్ సిద్ధాంతాన్ని నిర్ధారించింది. 1999లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కాథలిక్ పక్షాలు రెండూ ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేసి, మూలసత్యాల విషయంలో ఏకీభవిస్తున్నామనీ, మిగిలిన తేడాలు పరస్పర ఖండనకు కారణం కావనీ అన్నాయి. నాకు ట్రెంట్ వాదమే కొంత సులువుగా మింగుడుపడుతుంది, కానీ అప్పుడు తీర్పు పూర్తిగా వెలువడినట్టా, మనిషి మారేంతవరకూ సాగుతూనే ఉన్నట్టా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.