బైరాన్‌పల్లి బురుజు కింద

హనుమకొండ నుంచి జనగామ, చేర్యాల మీదుగా బైరాన్‌పల్లి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. న్యాయశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు వెంట ఉంది. బురుజు కనబడగానే ఇద్దరం మాటలు ఆపేశాం.

దాని మీద నుంచే ఊరివాళ్లు రజాకార్ల రాకను కనిపెట్టి, ఎదురు నిలిచి తరిమికొట్టేవారు. 1948 ఆగస్టు 27న నిజాం బలగాల తోడుతో వచ్చిన రజాకార్లు ఊరిని చుట్టుముట్టారు. దొరికినవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్లను చెరిచారు. చనిపోయినవారు కొన్ని లెక్కల్లో 96 మంది, మరికొన్నింట 118. రాళ్ల సందులో వేలు పెట్టాను. మట్టి పొడిపొడిగా రాలింది.

"ఇది జాతిహననం" అన్నాను. ఎప్పుడూ అలాగే అంటాను.

"చట్టం ఆ మాట ఒప్పుకోదేమో మామయ్యా" అంది. నాకు కోపమే వచ్చింది. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఈ ఊరు నెత్తురోడిన మూడున్నర నెలలకే, 1948 డిసెంబరు 9న, ఐక్యరాజ్యసమితి జాతిహనన ఒప్పందాన్ని ఆమోదించింది. జాతీయత, తెగ, జాతి, మతం: ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని బట్టి ఒక సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ఎంతమంది పోయారన్నది ఆ తర్వాతి మాట. బైరాన్‌పల్లివాళ్లను రాజ్యాన్ని ధిక్కరించారని చంపారు. రాజకీయ వర్గాలకు ఆ నాలుగింటిలో చోటు లేదు.

"మానవాళిపై నేరం అనవచ్చు. అదేమీ చిన్న నేరం కాదు."

మరి మనసులోని ఉద్దేశాన్ని కోర్టు ఎలా పట్టుకుంటుంది? 1994లో రువాండాలో టుట్సీల మీద సాగిన జాతిహననంలో నిందితుడైన, టాబా అనే ప్రాంతపు మేయరు అకయేసు కేసు గురించి ఆమె చెప్పింది. నిందితుడు ఒప్పుకోకపోయినా అతని మాటలు, దాడులు సాగిన తీరు, ఒకే సమూహాన్ని ఏరి చంపడం చూసి ఉద్దేశాన్ని నిర్ధారించవచ్చని ఆ మారణకాండను విచారించడానికి టాంజానియాలోని అరూషాలో పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. 1998 సెప్టెంబరు 2 నాటి ఆ తీర్పే, అత్యాచారం కూడా జాతిహననంలో భాగం కాగలదని చెప్పింది. ఆ మాట విని మళ్లీ బురుజు వైపు చూశాను.

మన దేశం ఆ ఒప్పందాన్ని 1959లో ఖరారు చేసింది. మన శిక్షాస్మృతిలో మాత్రం ఆ నేరానికి ప్రత్యేక సెక్షన్ నేటికీ లేదు. ఇది నాకు మింగుడు పడలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక పెద్దాయన వీధి వెంట నడిపిస్తూ, ఏ ఇంట్లో ఎవరు పోయారో చూపించారు. మేనకోడలు నోటుబుక్కు తీసి, ఒక్కో పేరూ మళ్లీ అడిగి రాసుకుంది.