మూడు వేళ్ల పొద్దు

మా మావయ్యకి చేతి గడియారం ఉండేది కానీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో దాని మొహం చూసేవాడు కాదు. గ్యాలరీలో లేచి నిలబడి, గంగ వైపు తిరిగి, చెయ్యి బారుగా చాపి, సూర్యుడికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టేవాడు. ఒక్కో వేలు పావుగంట. “మూడు వేళ్ల పొద్దుందిరా అల్లుడూ, ఫర్వాలేదు” అని కూర్చునేవాడు. అంతసేపూ అడ్డంగా నిలబడ్డందుకు వెనకాల వాళ్లు బెంగాలీలో తిట్టేవాళ్లు. తిట్లకి ఆయన బెంగాలీలోనే జవాబు చెప్పేవాడు.

ఇదంతా కలకత్తా మైదాన్‌లో, 1973 నుంచి ఒక ఆరేడేళ్ల పాటు. మేం ఉండేది ఖరగ్‌పూర్. నాన్న అక్కడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మావయ్య అంటే అమ్మ తమ్ముడు అక్కడే టర్నరు. ఇద్దరూ బొబ్బిలి వైపు నుంచి వెళ్లినవాళ్లే. రైల్వే పుణ్యమా అని ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు. గోల్‌బజార్‌లో బేరం తెలుగులో ఆడొచ్చు, ఎండాకాలంలో మాతాపూజకి వీధులన్నీ మనవే. అయినా మావయ్య ప్రాణం మాత్రం 115 కిలోమీటర్ల అవతల, ఆ మైదాన్‌లో ఉండేది.

కలకత్తాలో పొద్దు తొందరగా వాలుతుంది. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా సూర్యుడికి ఆ సంగతి పట్టదు కదా. హైదరాబాద్‌లో ఇంకా ఎండ కాస్తున్న వేళకి అక్కడ దీపాలు పెట్టుకుంటారు. సెప్టెంబరు చివరికి వచ్చేసరికి ఐదున్నరకే సూర్యుడు గంగ దాటేసేవాడు. కలకత్తా ఫుట్‌బాల్ లీగు నడిచేదేమో వానాకాలంలో. మబ్బు పట్టిందంటే ఆ ఐదున్నర కూడా ఉండదు. మైదాన్ భూమి సైన్యం ఆధీనంలోది, అక్కడ పక్కా కట్టడాలంటే ఒప్పుకోరు. అందుకని మేం కూర్చునేవి చెక్క గ్యాలరీలు, చుట్టూ కంచె, పైన ఆకాశం. మేం వెళ్లిన మ్యాచ్‌లకి లైట్లనేవి లేవు. వెలుతురు ఉన్నంతసేపే ఆట.

దాంతో ఇంట్లో రోజంతా ఆ వెలుతురు చుట్టూనే తిరిగేది. నాలుగు, నాలుగున్నరకి మ్యాచ్ అంటే రెండింటికల్లా క్యూలో ఉండాలి. రెండింటికి క్యూలో ఉండాలంటే పొద్దున్నే లోకల్ పట్టుకోవాలి. హౌరాలో దిగి, స్టీమరులో బాబూఘాట్‌కి దాటి, అక్కణ్ణించి నడక. మావయ్యకి పాసు ఉండేది, నాకు టికెట్టు కొనాలి. శనివారం మ్యాచ్ పడితే శుక్రవారం రాత్రే మావయ్యకి నడుం నొప్పి మొదలయ్యేది. వర్క్‌షాపులో ఆ నడుం నొప్పి గురించి తెలియనివాళ్లు లేరు. అమ్మ పులిహోర పొట్లం కట్టి ఇస్తూ, “నడుం నొప్పికి ఇదో మందు” అని దెప్పేది. పులిహోర ఉలుబేరియా వచ్చేలోపే అయిపోయేది. గ్రౌండు దగ్గర ఝాల్‌మురీ తినేవాళ్లం. మా వైజాగ్ మురీ మిక్చర్‌కి అది అన్నగారు, కాకపోతే ఆవనూనె వాసన అలవాటు కావాలి.

ఇంతకీ మేం ఏ టీమ్? ఈ ప్రశ్నకి కలకత్తాలో పుట్టుకతోనే జవాబు ఉంటుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం అయితే ఈస్ట్ బెంగాల్, ఈవైపు వాళ్లయితే మోహన్ బగాన్. ఒకళ్లు గెలిస్తే బజారులో పులస, అదే వాళ్ల ఇలిష్, ధర పెరుగుతుంది, ఇంకొకళ్లు గెలిస్తే రొయ్యల ధర. బొబ్బిలి వాళ్లకి ఆ గొడవ ఏముంది? మావయ్య తేల్చేశాడు: హబీబ్ ఏ జెర్సీ వేసుకుంటే మనది ఆ టీమ్.

మహమ్మద్ హబీబ్ హైదరాబాద్ కుర్రాడు. ఆయనకి తెలుగు వచ్చో రాదో మాకు తెలియదు, మాకది ముఖ్యమూ కాదు. మావయ్య దృష్టిలో మనవాడు. అంతకు ముందు బలరాం మీద కూడా ఇదే హక్కు చాటుకున్నాడట. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌లో కొన్నేళ్లు వెలిగి, ఆ తర్వాత బీఎన్ఆర్‌కి ఆడాడు. బీఎన్ఆర్ అంటే మా రైల్వేవాళ్ల టీమే, ఇక అడగాలా! “బలరాం నాకు వరసకి బావ అవుతాడు” అని ఓసారి మావయ్య ఒక బెంగాలీ గుమాస్తాని నిజంగానే నమ్మించాడు.

హబీబ్ వెంట తిరగడమంటే మాటలు కాదు. 1974 దాకా ఈస్ట్ బెంగాల్, మధ్యలో మహమ్మడన్ స్పోర్టింగ్, 1976కి మోహన్ బగాన్. ఆయన వెనకే మేమూ బిచాణా ఎత్తేవాళ్లం. 1975 సెప్టెంబరు 30న ఐఎఫ్ఏ షీల్డు టోర్నమెంటు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ని చితక్కొట్టింది. ఊళ్లో ఈస్ట్ బెంగాల్ వాళ్లంతా నెల రోజులు అదే మాట్లాడుకున్నారు. హబీబ్ లేని మ్యాచ్ కాబట్టి మావయ్య మాత్రం పక్కింటి వాళ్ల పెళ్లిలా విన్నాడు.

1976 జులై 24 సంగతి చెప్పాలి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగు మ్యాచ్. హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ ఇద్దరూ మోహన్ బగాన్‌లో ఉన్నారు, అంటే మాకు ఇంటి పెళ్లి. ఆరోజు మా రైలు ఎక్కడో ఆగిపోయింది. పరుగు పరుగున వెళ్లేసరికి క్యూ ఇంకా కదులుతోంది. గుర్రాల మీద పోలీసులు జనాన్ని కంచె వైపు నొక్కుతున్నారు. గుర్రం పక్కగా నడిచి మనల్ని నెడుతుందే, ఆ వాసన, ఆ వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది. టికెట్లు చేతిలో ఉన్నాయి, గేటు పది అడుగులుంది, లోపల విజిల్ వినిపించింది. సరిగ్గా అప్పుడు భూమి అదిరినట్టు ఒక అరుపు. అక్బర్ గోలు కొట్టాడు. ఆట మొదలైన 17 సెకన్లకి.

మేం లోపలికి వెళ్లి కూర్చున్నాం. మిగిలిన ఆటంతా కళ్లార్పకుండా చూశాం. ఇంకో గోలు పడలేదు. 1-0. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాం, ఉన్న ఒక్క గోలూ చూడలేదు. మావయ్య మాత్రం ఆ గోలుని వర్క్‌షాపులో ఎన్నిసార్లు వర్ణించాడో లెక్క లేదు. ఆయన చెప్పిన తీరు ఎంత బాగుండేదంటే, నాక్కూడా చూసినట్టే గుర్తుండిపోయింది.

మరుసటేడు సెప్టెంబరు 24న పెలే వచ్చాడు. ఆయన ఆడే న్యూయార్క్ కాస్మాస్ క్లబ్బుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ ఆట. దీని గురించి అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ముందు వానపడి గ్రౌండంతా చిత్తడి. మేం కూర్చున్నచోటు నుంచి పెలే నా చిటికెన వేలి గోరంత కనిపించాడు. 2-2తో ముగిసింది, అందులో ఒకటి హబీబ్ గోలు. మావయ్యకి పెలే వచ్చింది హబీబ్ గోలు చూడ్డానికే.

నేను చెప్పాలనుకున్నది అసలు ఆ చివరి పదిహేను నిమిషాల గురించి. వేళ్ల లెక్కలో ఒక్క వేలే మిగిలినప్పటి సంగతి. ముందు జెర్సీ నెంబర్లు పోతాయి. తర్వాత రంగులు పోతాయి, ఎరుపు, పసుపు, మెరూన్ అన్నీ ఒకే బురద రంగు. ఆ తర్వాత బంతి. తోలు బంతి, నీళ్లు తాగి నేల రంగుకి తిరిగిపోయి ఉంటుంది. అది నేల మీద దొర్లుతున్నంతసేపూ కనిపించదు, గాల్లోకి లేచినప్పుడు మాత్రం ఆకాశం మీద నల్లగా ఒక చుక్క. మనం చూసేది బంతిని కాదు, ఆటగాళ్లు ఎటు పరుగెత్తుతున్నారో దాన్ని. చెవులు పనిచేయడం మొదలెడతాయి. బూటు బంతికి తగిలితే ఒక చప్పుడు, కాలికి తగిలితే ఇంకో చప్పుడు.

మనుషుల్ని నడకని బట్టి పోల్చుకునేవాళ్లం. సుభాష్ భౌమిక్‌ది భారీ శరీరం, చీకట్లో కూడా దాగదు. సురజిత్ సేన్‌గుప్తా కుడి అంచున గీత పట్టుకుని ఉండేవాడు. హబీబ్‌ని పోల్చుకోవడం అన్నిటికంటే తేలిక. నిలబడి ఉన్నప్పుడు కూడా మెడ ముందుకు పెట్టి, ఎవరో బాకీ ఎగ్గొట్టి పారిపోతుంటే పట్టుకోబోతున్నట్టు ఉండేవాడు. ఇవాళ వైజాగ్‌లో కూర్చుని టీవీలో మ్యాచ్ చూస్తాను. వీపు మీద పేరు, నెంబరు, పగటిలాంటి లైట్లు అన్నీ ఉంటాయి. ఒక్కడి నడకా గుర్తుండదు. వయసు వల్ల కూడా కావచ్చు, లైట్ల మీద నెపం వేయను.

చీకటి పడుతుంటే ముందంజలో ఉన్న టీమ్ నాటకాలు కూడా మొదలయ్యేవి. గోలీకి బూటు లేసు ఊడుతుంది. బంతి కంచె అవతలికి పోతుంది, దాన్ని తెచ్చేవాడు పెళ్లినడక నడుస్తాడు. ఓడిపోతున్నవాళ్ల గ్యాలరీ మొత్తం నిలబడి గంగ వైపు చూసేది. కంచె బయట ఫోర్ట్ విలియం గట్టు మీద ఊరికే చూసేవాళ్లు ఉండేవాళ్లు, దాన్ని రాంపార్ట్ అనేవాళ్లు. మావయ్య కుర్రతనంలో అట్టపెట్టెకి రెండు అద్దాలు బిగించిన పెరిస్కోపుతో కంచె మీదుగా చూశాడట. చీకటి పడితే ఆ అద్దాల్లో ముందువాడి జుట్టు తప్ప ఏం కనబడదనేవాడు.

ఆట అయ్యాక మాత్రం వెలుతురు వచ్చేది. గెలిచినవాళ్లు న్యూస్‌పేపర్లు పొడవుగా చుట్టి ముట్టించేవాళ్లు. ఈస్ట్ బెంగాల్ గుర్తే కాగడా. గ్యాలరీ గ్యాలరీ అంతా కాగితపు మంటలు, బూడిద రేకలు జుట్టులో పడేవి. మావయ్య బెంగాలీ మాట్లాడతాడు కానీ అక్షరం ముక్క రాదు. అయినా హౌరాలో బెంగాలీ పేపరు కొనేవాడు, సాయంత్రం కాల్చడానికి. మేం మోహన్ బగాన్ వైపుకి మారాక కూడా ఆ అలవాటు మానలేదు, పక్కవాళ్లు వింతగా చూసేవాళ్లు. తెలుగు పేపరు మాత్రం, ఆలస్యంగా వచ్చినా సరే, కాల్చనిచ్చేవాడు కాదు.

1980 ఆగస్టు 16న ఈడెన్‌లో జరిగిన తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆరోజు మేం వెళ్లలేదు. అమ్మ ఆ తర్వాత నన్ను వెళ్లనివ్వలేదు. నేనూ అడగలేదు. నాలుగేళ్లకి సాల్ట్ లేక్ స్టేడియం తెరిచారు, పెద్ద మ్యాచ్‌లు మెల్లగా అటు పోయాయి.

మేమిద్దరం కలిసి చూసినవాటిలో చివరివాటిల్లో ఒకటి చిన్న టీమ్‌తో లీగు మ్యాచ్. సన్నటి జల్లు, మబ్బు, వేళ్ల లెక్కకి అసలు సూర్యుడే లేడు. ఆట ముగుస్తుందనగా అవతలి గోలు ముందు ఓ గుంపు, ఒక చప్పుడు, తర్వాత చేతులు పైకి లేచాయి. గోలు. ఎవరిదో మా గ్యాలరీలో ఒక్కడికీ తెలీదు. మావయ్య హబీబ్‌దే అన్నాడు. పక్కాయన కాదన్నాడు. రైల్లో ఖరగ్‌పూర్ దాకా అదే వాదన, కంపార్ట్‌మెంటు రెండుగా చీలిపోయింది.

పొద్దున్నే మావయ్య నన్ను లేపి స్టేషనుకి తీసుకెళ్లాడు. ఆ పొడవాటి ప్లాట్‌ఫారమ్ మీద పేపర్ల కట్టలు విప్పుతున్నారు. ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న బెంగాలీ నాది, కూడబలుక్కుని చదవగలను. ఆటల పేజీ తీశాను. రెండు ముక్కల వార్త, కింద గోలు కొట్టినవాడి పేరు. హబీబ్ కాదు.

“ఎవరంట్రా?” అన్నాడు.

“హబీబే మావయ్యా” అన్నాను.

పేపరు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఆ ఒక్క పేపరూ కాల్చలేదు.